కొత్త కంప్యూటర్లో డాలర్లు

"మిరపకాయల ముచ్చికలు తీసే కూలిదాని కూతురికి ఇన్ని డాలర్ల సంగతి ఎలా తెలిసిందో అడగవయ్యా జయరావూ! పెద్ద డిటెక్టివ్‌వి కదా!" అంటూ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కోటిలింగం పగలబడి నవ్వాడు.

నవ్వేవాడు నన్ను చూసి నవ్వితే సరిపోయేది. లాకప్పులో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న పిల్లని చూస్తూ నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఆ పూట నా కోపానికి ధర లేదు. సాయంత్రం ఆ పిల్లని మేజిస్ట్రేటు ముందు నిలబెడతానంటున్నాడు. ఒకసారి హత్యకేసులో పేరెక్కాక, రేపు కోర్టు వదిలేసినా ఊరు వదలదు.

జరిగింది ఇదీ. పట్నంబజారులో మిర్చి కమీషన్ వ్యాపారం చేసే అలీ సాహెబ్ శనివారం తెల్లవారుజామున తన ఇంట్లోనే కరెంటు షాకు కొట్టి చనిపోయాడు. కొత్తగా కొన్న కంప్యూటర్ ఇనప డబ్బా మీద చెయ్యి వేశాడు, అంతే. ప్లగ్గు బోర్డులో ఎర్తు వైరు పీకేసి, ఆ రంధ్రానికి ఎవరో కరెంటు వైరు కలిపారు. డబ్బాని ముట్టుకున్నవాడు బతికి బట్టకట్టే వీల్లేకుండా చేశారు.

అలీ సాహెబ్ సొంత లెక్కలు, అంటే పొలాల మీద పత్తి, ఇంటి ఖర్చు, జకాతు దానాలు, అన్నీ రెండేళ్లుగా ఇంట్లో ఒక చిన్న కంప్యూటర్లో ఉంటున్నాయి. అది పాతబడి నత్తలా నడుస్తోందని పోయిన వారం కొత్తది తెప్పించాడు. పాతదాంట్లో లెక్కలు కొత్తదాంట్లోకి మార్చడం దేవకుమారి పని. లాకప్పులో ఉన్నది ఆ దేవకుమారే. డిగ్రీ చదివి, ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుని, ఆ ఇంట్లో ఆపరేటరుగా చేరిన పిల్ల.

ఇక కోటిలింగం గారి పరిశోధన వినండి. లెక్కలు కొత్త కంప్యూటర్లో ఉన్నాయి, కాబట్టి మార్చింది దేవకుమారి. మార్చింది కాబట్టి ఆ గదిలోకి వెళ్లింది, వెళ్లింది కాబట్టి వైరు కలిపింది. ఎందుకయ్యా అంటే, ఆ లెక్కల నిండా డాలర్లు! అలీ సాహెబ్ దొంగచాటుగా విదేశీ డబ్బు నడిపాడు, పిల్ల అది కనిపెట్టి బెదిరించింది, ఆయన తన్ని తరిమేస్తానన్నాడు, ఈమె చంపేసింది. ఇంత కథ అల్లినవాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కాకుండా హరికథలు చెప్పుకున్నా బాగుపడేవాడు.

నేను ఊచల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"అమ్మాయ్, మీ అమ్మ ఆదెమ్మ పంపింది నన్ను. ఏడవకుండా చెప్పు. లెక్కలు కొత్తదాంట్లోకి మార్చింది నువ్వేనా?"

"కాదండి. శనివారం పొద్దున వెళ్లి మార్చాల్సిందండి. శుక్రవారం ఆ ఇంట్లో నాకు పనుండదు. పెదకాకానిలో మా పెద్దమ్మ వాళ్లింట్లో ఉన్నాను."

"పెద్దమ్మ సాక్ష్యం ఎవడిక్కావాలి?" అన్నాడు వెనకనుంచి కోటిలింగం. "లెక్కలు వాటంతటవే కాళ్లొచ్చి కొత్తదాంట్లోకి నడిచాయా?"

నేను వినిపించుకోలేదు. "మార్చడమంటే ఏం చేస్తారమ్మా? నాకర్థమయ్యేట్టు చెప్పు."

"రెండు మార్చాలండి. లెక్కలొకటి, సెట్టింగులొకటి. లెక్కలంటే మనం రాసుకున్న అంకెలు. సెట్టింగులంటే ఆ అంకెల్ని ఎలా చూపించాలి, సంవత్సరం ఏ నెలతో మొదలవ్వాలి, లోపలికి ఎవరెవరు రావచ్చు, వాళ్ల పాస్‌వర్డు ఏంటి, ఇలాంటివి. అవి వేరే ఫైల్లో ఉంటాయండి. రెండూ ఫ్లాపీల్లోకి ఎక్కించుకుని కొత్తదాంట్లో దించుకోవాలి."

"ఒకటి దించి, రెండోది మర్చిపోతే?"

"ఏముందండీ, అమెరికావాళ్లు ఆ ప్రోగ్రాం ఎలా తయారుచేసి పంపారో అలాగే ఉంటుంది. అన్నీ మళ్లీ మొదట్నుంచి చెప్పుకోవాలి దానికి."

"చాల్చాల్లే, క్లాసు పీకింది!" అని కోటిలింగం లాఠీతో ఊచల మీద కొట్టాడు. పిల్ల ఉలిక్కిపడి గోడకి జరిగింది. "జయరావూ, పది నిమిషాలన్నావు, అయిపోయాయి. దయచెయ్యి."

బయటికొచ్చి స్కూటర్ తన్నాను. సందు మలుపు తిరుగుతుండగా నా బుర్రలో తట్టింది. అమెరికావాళ్లు ఎలా పంపారో అలాగే! ఓరి దేవుడా అనుకుని, మళ్లీ వెనక్కి తిప్పి స్టేషన్ ముందే ఆగాను.

"కోటిలింగం గారూ, జీపు తియ్యండి. మీ డాలర్లు నాకోసారి చూపించండి. అవి డాలర్లే అయితే, నా ఆఫీసు బోర్డు పీకి మీ స్టేషన్ పొయ్యిలో పెట్టుకోండి."

పందెమంటే కోటిలింగం చెవికోసుకుంటాడు. వెంటనే బయల్దేరాడు.

అలీ సాహెబ్ ఇల్లు స్టేషన్‌కి అయిదు నిమిషాల దారి. గేటు పక్కన అరుగు మీద ఆదెమ్మ కూర్చుని ఉంది. కొంగు నీళ్లలో తడిపి వేళ్లకి చుట్టుకుంది. మిర్చి యార్డులో రోజంతా కాయలకి ముచ్చికలు తీసినవాళ్ల వేళ్లు రెండు రోజుల దాకా మండుతూనే ఉంటాయి. శనివారం పనిలో ఉండగా కబురొస్తే, అలాగే లేచి వచ్చిందట.

"బాబుగారూ, నా బిడ్డ ఏమందండీ? అన్నం తిన్నదా?"

"తింటుందిలే. నువ్విక్కడే ఉండు" అన్నాను. అబద్ధమే. అంతకంటే చేతిలో ఏం లేదు.

వరండాలోనే ఉస్మాన్ ఎదురొచ్చాడు. అలీ సాహెబ్ అన్నకొడుకు. వాళ్ల పత్తి మిల్లు చూసుకునేది అతనే. ముప్పై అయిదేళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. "రండి సార్, ఏం చూడాలన్నా చూడండి. చిచ్చా లేని ఇల్లు, దాచడానికేం ఉంది" అంటూ స్వయంగా తలుపు తీశాడు. నాకు నిజంగానే జాలేసింది.

కంప్యూటర్ గది గడప ముందు చెప్పులు విడిచే బల్ల ఉంది. నేను చెప్పులు విప్పాను. కోటిలింగం బూట్లతోనే లోపలికి నడిచాడు.

"ఇది అలీ సాహెబ్ పెట్టిన నియమం" అన్నాను. "యార్డునుంచి వచ్చినవాళ్ల కాళ్లకి మిరప దుమ్ముంటుంది, అది యంత్రంలోకి పోకూడదని ఎంతవాడైనా చెప్పులు బయటే విడవాలి. కాళ్లకి చెప్పులుంటే బతికేవాడేమో పెద్దాయన. ఈ నియమం తెలిసినవాడే వైరు కలిపాడు."

"తెలిసిన'వాడు' కాదు, తెలిసినది" అన్నాడు కోటిలింగం.

గదిలో బల్లల మీద రెండు కంప్యూటర్లు. పాతది కిటికీ పక్కన, కొత్తది గోడ వారన. కొత్తదాని ప్లగ్గు బోర్డుని పోలీసులే ఊడదీసి, మిషన్ని వేరే బోర్డుకి తగిలించారు. అమ్మిన దుకాణం వాణ్ణి పిలిపించి ఆదివారమంతా నేర్చుకున్నానంటూ కోటిలింగం కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు వేళ్లతో కోడి గింజలు ఏరినట్టు పొడిచాడు. తెర మీద లెక్కలు పరుచుకున్నాయి. ప్రతి అంకె ముందూ డాలరు గుర్తు.

"చూశావా?"

"చూశాను. లోపలికి రావడానికి పాస్‌వర్డు అడిగిందా?"

"అడగలేదే!"

"మంచిది. ఇంటి ఖర్చు పేజీ తియ్యండి. పైకి చదవండి, అందరూ వింటారు."

కోటిలింగం గొంతు సవరించుకున్నాడు. "పాలు, నూట నలభై డాలర్లు. చాకలి... అరవై డాలర్లు. తోటమాలికి తువ్వాలు, పద్దెనిమిది డాలర్లు..." అతని గొంతు మెల్లమెల్లగా దిగింది.

"ఆపకండి, చదవండి! చాకలికి నెలకి అరవై డాలర్లిచ్చే మొనగాడు గుంటూరు జిల్లాలో ఎవడయ్యా? ఆ చాకలి ఈపాటికి ఇన్‌స్పెక్టర్ని కొనేసేవాడు!"

గుమ్మంలో ఉన్న కానిస్టేబులు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"అవి రూపాయలు, కోటిలింగం గారూ. ప్రోగ్రాం అమెరికాది. దాని పుట్టుకతో వచ్చే గుర్తు డాలరు. మనది రూపాయి అని చెప్పే సెట్టింగు వేరే ఫైల్లో ఉంటుంది, పాస్‌వర్డు కూడా అందులోనే. ఎవరో లెక్కలు మాత్రమే తెచ్చారు, సెట్టింగులు తేవాలని వాళ్లకి తెలీదు. నువ్వు ఆ గుర్తు చూసి చచ్చిపోయిన పెద్దమనిషిని దొంగని చేశావు, బతికున్న పిల్లని హంతకురాల్ని చేశావు!"

కోపంలో గారూ గీరూ ఎగిరిపోయాయి. ఎగరనీ అనుకున్నాను.

"మర్చిపోయి ఉంటుంది" అన్నాడు కోటిలింగం. పడ్డా మీసాలకి మన్నంటలేదనే రకం. "తొందర్లో సెట్టింగులు మర్చిపోయి ఉంటుంది. ఆ పిల్ల కాకపోతే ఇంకెవరు మారుస్తారు? అలీ సాహెబ్ జన్మలో దాన్ని ముట్టుకోలేదు. అచ్చు తీసిన కాగితాలు చూడ్డమే. ఫైళ్ల మీదున్న టైము చూసి దుకాణం వాడు చెప్పేదాన్ని బట్టి మార్చింది శుక్రవారం మధ్యాహ్నం. అప్పుడు ఇంట్లో పిట్టమనిషి లేడు. అందరూ జుమా నమాజుకి వెళ్లారు. పంచనామాలో రాశాను."

"అందరూ అంటే ఎవరెవరు?"

"అలీ సాహెబ్. ఇదిగో ఈ ఉస్మాన్ గారు. డ్రైవరు. వంటమనిషి ఖాజావలి."

"మరి ఆడవాళ్లు?"

కోటిలింగం నావైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఆడవాళ్లు ఇంట్లోనే ఉంటారు. వాళ్లకీ కంప్యూటర్‌కీ ఏం సంబంధం?"

"లాకప్పులో పెట్టింది మగాణ్ణా?"

నేను పక్కగది గుమ్మానికి వేలాడుతున్న పరదా వైపు తిరిగాను. దాని వెనక అలీ సాహెబ్ భార్య రహమతున్నీసా ఉందని తెలుసు. ఆమె ఇద్దత్‌లో, అంటే భర్త పోయాక పాటించే గడువులో ఉంది, పరాయి మగాళ్ల ముందుకి రాదు.

"అమ్మా, ఇంతటి దుఃఖంలో అడుగుతున్నందుకు క్షమించండి. శుక్రవారం మగాళ్లంతా మసీదుకి వెళ్లాక ఈ ఇల్లు మీది. ఆ గంటలో ఈ గదిలోకి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు." ఆ గొంతు గట్టిగానే ఉంది. "మా ఇంటి ఆడపిల్లలు ఆ గది గడప తొక్కరు."

నేను ఉండమన్నచోట ఆదెమ్మ ఉండలేదు. ఎప్పుడొచ్చిందో వరండాలోకి వచ్చి నిలబడి ఉంది. అక్కణ్ణించే అరిచింది. "అమ్మా! నా బిడ్డ మీ ఉప్పు తిన్నది. మీ పిల్ల తలనొప్పంటే రాత్రంతా కూచుని తల పట్టింది. మీకు తెలిసి దాచిపెడితే పైనున్నవాడు ఊరుకోడమ్మా! మీక్కూడా ఓ ఆడబిడ్డుంది!"

పరదా కదిలింది. రహమతున్నీసా "వద్దు నజీరా, వద్దే!" అంటున్నా వినకుండా ఒక అమ్మాయి బయటికొచ్చింది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లుంటాయి. తలమీద ముసుగు సర్దుకునే ఓపిక కూడా లేదు ఆ పిల్లకి.

"నేనే మార్చాను" అంది. "దేవక్క నాకు ఏడాదిగా నేర్పుతోంది. ఎవరికీ తెలీదు. జుమాకి కొత్తబట్టలు కట్టుకుని వెళ్తూ అబ్బాజాన్ తాళాలు పాతచొక్కా జేబులోనే వదిలేస్తారు. ఆ తాళంతో ఈ గది తీశాను. లెక్కలు మార్చాను. డాలర్లెందుకొచ్చాయో నాకు తెలీలేదు, దేవక్కని అడుగుదామనుకున్నాను."

"మీ నాన్నకి చెప్పావా?"

"రాత్రి అన్నం దగ్గర చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. నా కూతురు మిషన్ నడిపిందా అని పది సార్లు అడిగారు. తెల్లారి నమాజుకి కాళ్లూ చేతులూ కడిగి వుజూ చేసుకుని, తడికాళ్లతోనే వచ్చారు, చూపించమని. నువ్వు టీ తీసుకురా బేటీ, ఈలోగా నేనే ఆన్ చేస్తానన్నారు. నేను టీ తెచ్చేసరికి..."

ఆ పైన చెప్పలేకపోయింది. చెప్పక్కర్లేదు కూడా. జన్మలో ముట్టుకోని మిషన్ని ఆ తండ్రి కూతురి మీద మురిపెంతో ముట్టుకున్నాడు.

"మూడు రోజులుగా ఎందుకు చెప్పలేదమ్మా?" అడిగాను.

పరదా వెనకనుంచి రహమతున్నీసా మాట్లాడింది. "నేనే చెప్పొద్దన్నాను. తండ్రిని కూతురే చంపిందంటారు. ఇంటి పిల్ల పోలీసుల నోళ్లలో పడుతుంది."

"కూలిదాని పిల్ల పడితే ఫర్వాలేదా?" అన్నాను. ఇద్దత్‌లో ఉన్న మనిషితో అనరాని మాటే. అయినా అన్నాను, మళ్లీ అనమన్నా అంటాను. పరదా వెనక ఏడుపు వినిపించింది. నాకు జాలి కలగలేదు.

కోటిలింగం టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "ఇంకా అరెస్టు చూపించలేదులే" అని గొణిగాడు. "విచారణకని కూర్చోబెట్టాం, అంతే. ఎవరైనా పెద్దమనిషి పూచీ సంతకం పెడితే పంపించేస్తాను."

"నేను పెడతాను." ఉస్మాన్ ముందుకొచ్చాడు. "మా ఇంటి మూలంగా పాపం ఆ పిల్ల మాటపడింది. చిచ్చా ఉంటే ఇదే చేసేవారు. కారుంది, ఇప్పుడే వెళ్లి తీసుకొస్తా. ఆదెమ్మా, నువ్విక్కడే ఉండు, నీ బిడ్డని నీ చేతుల్లో పెడతా."

ఆదెమ్మ అతని కాళ్లమీద పడబోయింది. నేను అతనితో చెయ్యి కలిపాను. "మనిషంటే మీరండీ" అన్నాను కూడా. కోటిలింగం స్టేషన్‌కి ఫోన్ చేసి చెప్పాడు. కారు వెళ్లిపోయింది.

"సరే, గెలిచావులే" అన్నాడు కోటిలింగం, కుర్చీలో కూలబడి. "మరి వైరు ఎవరు కలిపినట్టు?"

"ముందు ఆ సెట్టింగుల సంగతి మీకు చూపిస్తాను, రేపు మళ్లీ డాలర్లనకుండా. నజీరా, పాతది ఆన్ చేస్తావా అమ్మా?"

అమ్మాయి కళ్లు తుడుచుకుని కూర్చుంది. పాతదాంట్లో పాలవాడికి నూట నలభై రూపాయలే. సెట్టింగుల పేజీ తీసింది. రూపాయి, ఏప్రిల్ నెల, కింద లోపలికి రాగల పేర్లు. ఒకటి అలీ సాహెబ్ పేరు. దానికింద ఇంకో పేరు, రెండే అక్షరాల పొడి పేరు, దానికో వేరే పాస్‌వర్డు.

"ఇదెవరిది?"

"తెలీదండి. దేవక్క కూడా గురువారమే చూసింది. ఉస్మాన్ భాయ్‌ని నా ముందే అడిగింది, ఇంకో పేరుతో ఏవో లెక్కలకి తాళం వేసి ఉంది, అవి కూడా కొత్తదాంట్లోకి మార్చనా అండీ, పెద్దసారుని అడగనా అని. భాయ్ నవ్వాడు. చిచ్చాని విసిగించకు, శనివారం నువ్వొచ్చాక చూద్దాం అన్నాడు."

నేను కొత్తదాని వైపు తిరిగాను.

"నజీరా, శుక్రవారం మధ్యాహ్నం నువ్వు కొత్త కంప్యూటర్ ముట్టుకుంటే ఏమీ కాలేదు. తెల్లారేసరికి ప్రాణం తీసింది. మధ్యలో ఈ గదిలోకి ఎవరొచ్చారు?"

"సాయంత్రం ఉస్మాన్ భాయ్ వచ్చాడు. ఫ్యూజు పోయింది, బోర్డు చూస్తానని అబ్బాజాన్ దగ్గర తాళం తీసుకున్నాడు. మిల్లులో మోటార్ల వైరింగంతా అతనే చూసుకుంటాడు. దేవక్క వచ్చేదాకా కొత్తదాని జోలికి ఎవరూ పోవద్దని కూడా చెప్పాడు."

కోటిలింగం లేచి నిలబడ్డాడు. అతనికీ అర్థమైంది. అలీ సాహెబ్ కంప్యూటర్ ముట్టుకోడని ఇంట్లో అందరికీ తెలుసు. నజీరాకి అది వచ్చని ఆ రాత్రి దాకా ఎవరికీ తెలీదు. శనివారం పొద్దున చెప్పులు బయట విడిచి వచ్చి, ఆ డబ్బా మీద మొదటి చెయ్యి వేయాల్సిన మనిషి ఈ ఇంట్లో ఒక్కతే. పెద్దాయనకి తెలియకుండా ఉస్మాన్ తాళం వేసుకున్న ఆ లెక్కలు చెరిపేస్తే సరిపోయేది కాదు, వాటి గురించి అడిగిన పిల్ల ఉంది కదా! ఆ ఉచ్చు బిగించింది దేవకుమారికి. పెద్దాయన అడ్డం పడ్డాడు. ఆ తర్వాత మూడు రోజులూ పిల్ల లాకప్పులో, పోలీసుల కళ్లముందు ఉంది కాబట్టి బతికింది.

"ఫోన్!" అని అరిచాను. "ఫోన్ చెయ్యవయ్యా! వదలొద్దని చెప్పు!"

కోటిలింగం గబగబా నంబరు తిప్పాడు. రెండోసారికి దొరికింది. అవతల స్టేషన్ రైటరు గొంతు నాక్కూడా వినిపిస్తోంది.

"ఉస్మాన్ గారు సంతకం పెట్టి తీసుకెళ్లారండీ. పది నిమిషాలైంది. పాపం చాలా మంచాయన, దారిలో టిఫిన్ పెట్టిస్తానన్నారు."

"ఎటు వెళ్లారు? ఇంటికేనా?"

"అటు కాదండీ. ఒంగోలు రోడ్డుకేసి తిప్పారు. ఎవరో ప్లీడర్ని కలవాలన్నారు."

వరండాలోకి పరిగెత్తాను. అక్కడ ఆదెమ్మ ఖాజావలి చేత చెంబుతో నీళ్లు పోయించుకుని, చేతులు రుద్ది రుద్ది కడుక్కుంటోంది. నన్ను చూసి ముఖమంతా నవ్వింది. ఆ మూడు రోజుల్లో ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

"ఈ మంట చేతులతో బిడ్డకి ముద్ద కలపలేను కదా బాబుగారూ, అందుకే. మీ మేలు చచ్చినా మర్చిపోను. నా బిడ్డని ఆ కొట్లోంచి తీసుకొచ్చారు. ఇంకెంతసేపట్లో వస్తుందండీ?"

కోటిలింగం జీపు స్టార్టు చేసి హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఆ కొట్లో ఉంటే నీ బిడ్డ బతికేదమ్మా అని చెప్పాలి. దాన్ని బయటికి లాగి వాడి కారెక్కించింది నేనేనని చెప్పాలి.

"వస్తుంది" అని జీపెక్కాను.